గోడకు ఇవతలి అభిప్రాయం

మా అక్క పెరుందేవి పోయి ఏడాది కావస్తోంది. ఆమె ఏం చేసేదని ఎవరైనా అడిగితే, సినిమాల మీద రాసేదని చెబుతాను. అయితే చాలా సినిమాలు చూసుంటుంది అంటారు వాళ్లు. ఆమె రాసిన సినిమాల్లో ఒక్కటి కూడా ఆమె చూసింది కాదు. చూద్దామని వెళ్లిన ఒక్క సినిమా మీద ఆమె ఏమీ రాయలేదు.

తిరుపతిలో మా ఇల్లు చంద్రవిలాస్ టాకీసు వెనక సందులో ఉండేది. హాలు వెనక గోడకూ మా అమ్మ పడుకునే గది కిటికీకీ మధ్య ఒక మనిషి నడిచేంత జాగా. ఆ గోడకు పైన వరసగా గాలి కంతలు. బొమ్మ మొదలైందంటే మాటా పాటా ఏడుపూ అన్నీ ఆ కంతల్లోంచి మా ఇంట్లో పడేవి. నాయన గోవిందరాజస్వామి గుళ్లో పాశురాలు చదివే ప్రబంధ గోష్ఠిలో ఉండేవారు. ఆయనకు ఆ గోల గిట్టేది కాదు. ఆయన పోయిన మరుసటేడే అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. మాట ముద్దయింది.

అప్పటికే నాకు పెళ్లయి పాకాలలో కాపురం. మా ఆయన రైల్వేలో పనిచేసేవారు. అక్కకు పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదన్నది పెద్ద కథేమీ కాదు. రెండు మూడు సంబంధాలు వచ్చి పోయాయి, అంతలో అమ్మ మంచాన పడింది, తర్వాత ఎవరూ అడగలేదు.

అమ్మ మంచం మీది నుంచి పిలిచేది: "దేవీ." మిగతా మాటలన్నీ ముద్దగానే వచ్చినా ఆ రెండక్షరాలు మాత్రం గంట కొట్టినట్టు పలికేది. "ఈడే ఉండానమ్మా" అని జవాబు రావాలి. రాకపోతే గొంతు పెంచి రెండోసారి. మూడోసారికి ఏడుపు కలిసేది. ఆ ఏడుపు విన్నవాళ్లెవరూ నాలుగోసారి దాకా ఆగలేరు. అందుకని అక్క బయటికి పోవడమంటే వీధి కొళాయి దాకా, మహా అయితే మూలనున్న చిల్లరంగడి దాకా. కూరగాయలు కూడా గంపలో ఇంటి ముందుకు వచ్చినవే కొనేది. పాకాల నుంచి నేను పిల్లల్ని వేసుకుని ప్యాసింజరు బండిలో వచ్చినప్పుడు కూడా గుమ్మం దాటడానికి జంకేది. కొన్నాళ్లకు అడగడం నేనే మానుకున్నాను.

అట్లా ఆ గదిలో ఇద్దరూ సినిమాలు వినడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి, అన్నాలయ్యాక ఒకసారి. వారం తిరిగేసరికి సినిమా మొత్తం నోటికొచ్చేసేది. ఎవరు ఎప్పుడు తలుపు తీస్తారో, ఎవరి చెప్పులు చప్పుడు చేస్తాయో, ఏ పాటకు నేల క్లాసు వాళ్లు ఈలలు వేస్తారో అక్కకు తెలిసేది. కనపడనిది తానే కల్పించి అమ్మకు చెప్పేది. "ఇప్పుడు ఆ పిల్ల కిటికీ దగ్గర నిలబడుండాదమ్మా. పచ్చ చీర." పచ్చ చీరో ఎర్ర చీరో ఎవరికి తెలుసు? అమ్మ తల ఊపేది.

సుందరరాజు గారు మా ఊళ్లో ఒక వారపత్రిక నడిపేవారు. నాయన రాసిపెట్టిన వ్యాసాలేవైనా ఉంటే వేసుకుంటానని ఒకనాడు ఇంటికి వచ్చారు. లోపల అక్కా అమ్మా పోట్లాడుకుంటున్నారు. ఆ వారం సినిమాలో తండ్రి వేషం వేసినాయన బాగా చేశాడని అమ్మ పట్టు.

"ఏం బాగమ్మా?" అంటోంది అక్క. "కూతురు చచ్చిపోయిందని చెప్తే గొంతు సవరించుకుని మరీ ఏడ్సినాడు. కన్నతండ్రికి గొంతు సవరించుకునే తీరిక యాడిది?"

సుందరరాజు గారు వరండాలోంచే, "అమ్మా, ఆ మాట కాగితం మీద పెట్టి ఇయ్యండి" అన్నారు.

అది మొదలు. 'మా అభిప్రాయం' అని పేరు, కింద 'పె.' అని సంతకం. సినిమా వచ్చిన పదిరోజులకు గానీ ఆమె అభిప్రాయం వచ్చేది కాదు. మద్రాసు, బెజవాడ పత్రికలు అప్పటికే కథంతా చెప్పేసి, ఛాయాగ్రహణం కనువిందు అనీ, ద్వితీయార్ధంలో బిగి సడలిందనీ తీర్పులిచ్చేసేవి. అక్క రాతలో ఛాయాగ్రహణం ఉండేది కాదు. "ఈ హీరో మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్లు దగ్గను కూడా దగ్గరు. ఇంట్లో అంత భయమెందుకో కథలో చెప్పలేదు" అని రాసేది. "ముక్కు చీదకుండా ఏడ్చేవాళ్లను నేను నమ్మను" అని రాసేది. కాలేజీ పిల్లలు ఆ వాక్యాలు చదివి నవ్వుకునేవాళ్లట. పె. అంటే పెద్దాయన ఎవరో అనుకునేవాళ్లట.

ఒకసారి మాత్రం చిక్కొచ్చింది. ఒక పెద్ద హీరో సినిమా. భార్యాభర్తలు విడిపోయే చోట వాన మాటల్ని మింగేసిందనీ, రాసినవాడి మాటలు వినపడకపోయినా పరవాలేదని వానకు చోటిచ్చిన దర్శకుడి ధైర్యం మెచ్చుకోదగ్గదనీ రాసింది. చిత్తూరు నుంచి ఒకాయన ఉత్తరం రాశాడు. అయ్యా, నేను రెండుసార్లు చూశాను, ఆ సినిమాలో వానే లేదు అని.

సుందరరాజు గారు ఉత్తరం పట్టుకుని వచ్చారు. "యాడి వానమ్మా ఇది?"

అక్క కిటికీ వైపు చూసి, "హాలు రేకుల మీదిది" అంది. ఆ వారమంతా సాయంత్రాలు వాన పడింది. రోజూ సరిగ్గా ఆ ఘట్టానికే పట్టుకునేది.

అప్పుడు తెలిసింది ఆయనకు, అక్క చూసి కాదు, విని రాస్తోందని. గది, కిటికీ, గోడ ఒక్కొక్కటే చూశారు. తర్వాత, "తిరపతికొచ్చిన కాపీలో వాన ఉన్నింది అని జవాబేస్తాలే" అన్నారు. నిజంగానే వేశారు. ఆ రోజు అక్క నవ్వినంతగా నవ్వడం తర్వాత నేను చూడలేదు.

అది డెబ్బై తొమ్మిదో ఎనభయ్యో. ఎవరో కుర్రాళ్లు చేరి ఒక సినిమా తీశారు. పాటల్లేవు, పెద్ద నటులు లేరు. పేరు చెప్పినా ఇప్పుడెవరికీ గుర్తుండదు. నీళ్లు లేని ఊళ్లో ఒక పిల్ల మైళ్లు నడిచి బిందెతో నీళ్లు మోసుకొస్తుంది. అంతే కథ. మద్రాసు పత్రిక ఒకటి, తెలుగు సినిమాకు ఇన్నాళ్లకు కళ్లొచ్చాయి అని రాసింది. బెజవాడ పత్రిక, ఎండాకాలం మధ్యాహ్నం కునుకు తీయడానికి చల్లటి చోటు దొరికింది అని రాసింది. ఆర్టు సినిమాలంటే హాళ్ల వాళ్లు పొద్దున పది గంటల ఆట మాత్రమే ఇచ్చేవాళ్లు. చంద్రవిలాస్‌లోనూ అట్లాగే వేశారు.

సుందరరాజు గారు ఆ పత్రికల ముక్కలు తెచ్చి అక్క చేతిలో పెట్టారు. "పెరుందేవమ్మా, దీని మీద మనం రాయాల్సిందే. ఊరంతా దీని మాటే. కానీ దీంట్లో వినేదానికేమీ లేదంట. సూడాల్సిందే."

"చూద్దాం" అంది అక్క.

"బుధవారానికి కావాల. చెంగల్రాయుడు గారు, కాలేజీలో తెలుగు లెక్చరరు, ఎన్నాళ్లనుంచో ఈ పేజీ అడగతాండారు. ఈ వారం మీది రాకుంటే ఆయనది వేస్తా. ఆయన్ని ఒకసారి కూర్సోబెడితే మళ్ల లేపేది నా వల్ల గాదమ్మా."

ఆ పేజీ తప్ప ఆ ఇంట్లోంచి అక్కది అనేది ఏదీ వీధిలోకి పోయేది కాదు. ఆ సంగతి సుందరరాజు గారికీ తెలుసు. అందుకే చెప్పులు వేసుకుంటూ ఇంకోసారి, "రాసేయండమ్మా, ఎట్లయినా" అని పోయారట.

మొదటిరోజు పది గంటలకు అక్క కిటికీ దగ్గర పీట వేసుకుని కూర్చుంది. అడుగుల చప్పుడు. చాలాసేపటికి ఒక మేక అరుపు. మళ్లీ అడుగులు. నేల క్లాసులో ఎవడో, "ఒరే, మాట్లాడే మిషిను చెడిపోయిందిరో" అని కేకేశాడు. అంతే. రెండోరోజూ అదే.

"సినిమా... లేదా?" అని అడిగింది అమ్మ.

"ఉందమ్మా. మాట్లాడ్డంలా."

"కోపమా?"

ఆ మధ్యాహ్నమే అక్క నాకు కార్డు రాసింది. ఒకపూట వచ్చి అమ్మ దగ్గర కూర్చుంటావా, నేను సినిమాకు పోవాల అని. సినిమాకు పోవాల అన్న మాట మా అక్క చేతిరాతలో చూడడం నాకదే మొదలు.

సోమవారం బండికి వెళ్లాను. అక్క అప్పటికే తల దువ్వుకుని, పెట్టెలోంచి మడత చీర తీసి కట్టుకుని ఉంది. చీరకు ఇంకా కర్పూరం వాసన. అమ్మ మంచం పక్కన కూర్చుని చెప్పింది. "గోడకు అవతలే ఉంటానమ్మా. కుముద నీ దగ్గరుంటుంది. బొమ్మ అయిపోతానే వచ్చేస్తా." అమ్మ తల ఊపింది.

హాల్లో మురుకులు, శనగలు అమ్మే తాయమ్మ మా సందులోనే ఉండేది. అక్కను ఆమె వెంట పంపాను. "రామ్మా, మన హాలే. యాడ కావాలంటే ఆడ కూసో. జనం లేరు, ఫానులు కూడా ఏయలా ఈ పొద్దు" అంటూ తీసుకుపోయింది తాయమ్మ.

నేను అమ్మకు జావ తాగించాను, మూతి తుడిచాను. అమ్మ కిటికీ వైపు చెవి పెట్టింది. అవతల ఏమీ లేదు. కాసేపు ఓపిక పట్టింది. ఆ కాసేపూ కళ్లు కిటికీ మీదే. తర్వాత పిలిచింది.

"దేవీ."

"నేనుండానమ్మా, కుముదను."

నా వైపు చూసింది. కాదన్నట్టు చూసింది. మళ్లీ పిలిచింది, ఇంకా గట్టిగా. లేచి కిటికీ మూశాను. మూసేసరికి ఊపిరాడనట్టు చేసింది, మళ్లీ తెరిచాను. చేయి పట్టుకున్నాను, విదిలించుకుంది. మూడోసారి పిలుపులో ఏడుపు కలిసింది.

ఇంకొంతసేపటికి గుమ్మంలో అక్క చెప్పుల చప్పుడయింది. "ఈడే ఉండానమ్మా" అంటూ లోపలికొచ్చింది. అమ్మ ఏడుపు మానేసింది. నేను అక్క ముఖం చూసి, "అయిపోయిందా?" అన్నాను. అయిపోలేదని నాకు తెలుసు.

"ఇంటర్వెల్ కూడా కాలా" అంది, మడత చీర కుచ్చెళ్లు తీసేస్తూ.

అన్నం వడ్డిస్తూ చెప్పింది. ఒక వాక్యం చెప్పి, సాంబారు పోసి, ఇంకో వాక్యం.

"ఆ పిల్ల పోతానే ఉంటుందే. మనం వెనకనించే చూస్తా ఉంటాం. ఒక మనిషి వీపు అంతసేపు చూస్తా కూర్చోవచ్చని నాకు తెలీదు. మొదట విసుగేసింది. తర్వాత ఆ పిల్ల ఏ కాలు ముందేస్తాదో కూడా తెలిసిపోయింది నాకు. అప్పుడు, దేవీ అని వినపడింది. అప్పుడే కుముదా, సరిగ్గా అప్పుడే ఆ పిల్ల ఆగి వెనక్కి తిరిగి చూసింది. సినిమాలోదే అనుకున్నా నేను. ఆ పిల్ల పేరు కూడా దేవేనేమో అనుకున్నా."

"తర్వాత?"

"రెండోసారి పిల్చినప్పుడు నేల క్లాసులో ఎవడో, 'పోరా, మీ అవ్వ పిలస్తాండాది' అన్నాడు. అందరూ నవ్వినారు. ఉన్నదే పదిమంది. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి ఉష్ అన్నాడు. నేను కూర్చునే ఉన్నా. కూర్చుందాం అనుకున్నా. మూడోది నీకు తెలుసు కదా."

"రేపు నేను ఇంకోపూట ఉంటా. మళ్లీ పో" అన్నాను.

"నువ్వుంటే మాత్రం?" అంది. కోపంగా కాదు. "వేరే సినిమాలైతే ఆ గోలలో అమ్మ గొంతు గోడ దాటేది కాదు. ఇది దాటనిస్తాండాది. నేనేం చేసేది?"

సాయంత్రం బండికి నేను పాకాల వచ్చేశాను. బుధవారం ఆ సినిమా ఎత్తేశారు. ఆ పొద్దు తాయమ్మ శనగల గంప దించి మా గుమ్మంలో కూర్చుంటే అక్క అడిగిందట, చివరేమయింది తాయమ్మా అని.

"కడాకా? ఏంలేదమ్మా. ఆ బిడ్డ ఇంటికొచ్చి బిందె దించి కూసునింది. లైట్లేసేసినారు."

"ఎట్ల కూర్చునింది?"

"ఎట్ల కూసుంటారమ్మా? కూసునింది."

"మన వైపు తిరిగా? అటు తిరిగా?"

"అది సూల్లేదు తల్లీ. బెంచీల కింద సోడా బుడ్లు ఏరుకుంటాంటి."

సుందరరాజు గారు మనిషిని పంపితే అక్క ఖాళీ చేతులతో పంపేసింది. ఆ వారం 'మా అభిప్రాయం' పేజీలో చెంగల్రాయుడు గారి పేరు పెద్ద అక్షరాల్లో వచ్చింది. ఆదివారం నేను తిరుపతి వెళ్లినప్పుడు అక్క పత్రిక నా చేతికిచ్చి, "మూడో పేరా చదువు" అంది.

మూడో పేరాలో ఇట్లా ఉంది. ఈ చిత్రానికి శిఖరం వంటి ఘట్టమొకటి కలదు. బాలిక నిర్జన మార్గమున నడచుచుండగా, తెరపై ఎన్నడూ కనిపించని ఒక వృద్ధమాత కంఠం ఆర్ద్రతతో 'దేవీ' యని పిలుచును. బాలిక వెనుదిరుగును. ఆ పిలుపులో దప్పిగొన్న పల్లె ఆర్ద్రత అంతయు ధ్వనించినది. ఆ కంఠమిచ్చిన అజ్ఞాత నటికి మా జోహారులు.

నేను రెండుసార్లు చదివాను. ముందు వరసలో ఉష్ అన్నాయన ఎవరో అప్పుడర్థమైంది. నవ్వొచ్చింది. అక్క నవ్వలేదని చూసి ఆపుకున్నాను.

"రాయి అక్కా" అన్నాను. "సుందరరాజు గారికి రాసి పంపు. ఆ గొంతు సినిమాలోది కాదు, మా అమ్మది అని. నీ పేజీ నీకొస్తుంది."

"అది రాస్తే, ఆడికే నేను లేచి వచ్చేసినానని కూడా రాయాల. సగం చూసిన సినిమా మీద నేను రాయను."

"ఇన్నేళ్లూ రాసినవి చూసి రాసినావా?"

"అవి మొత్తం విన్నా కదే" అంది.

సుందరరాజు గారు తర్వాత ఒకసారి వచ్చారు. గుమ్మంలోనే నిలబడి, చెంగల్రాయుడు గారు పై నెలకు కూడా రాసిచ్చేశారనీ, ఎక్కడన్నా పక్కన కాస్త జాగా చూస్తాననీ అన్నారు. అక్క కాఫీ ఇచ్చింది. జాగా సంగతి ఆయనా మళ్లీ ఎత్తలేదు, ఆమే అడగలేదు. హాల్లో మామూలు సినిమాలు మామూలుగానే ఆడాయి. అక్క వినేది, అమ్మకు చీరల రంగులు చెప్పేది. కాగితం మీద మాత్రం పెట్టలేదు. పాకాలలో నాకు మాత్రం ఆ పత్రిక ఒకటి ప్రతివారం వచ్చేది, చందా కట్టి ఉండబట్టి. ఆ పేజీ తిప్పేసేదాన్ని.

నాకు మూడో పేరా చూపించిన ఆ ఆదివారమే, భోజనాలయ్యాక అక్క ఆ పత్రిక పట్టుకుని అమ్మ మంచం పక్కన కూర్చుంది.

"అమ్మా, నీ మీద రాసినారు."

అమ్మకు మొదట అర్థం కాలేదు. అక్క మూడో పేరా చదివి వినిపించింది. ఆ గ్రాంథికం అమ్మకు ఎంత అందిందో తెలియదు. 'దేవీ యని పిలుచును' అన్నచోట మాత్రం కళ్లు తెరిచింది.

"నేనా?"

"నువ్వే. జోహారులు చెప్పినారు."

అమ్మ పడిపోని పక్క పెదవి కదిలింది. ఎడమ చేత్తో పత్రికను తాకి, ఏదో అంది. నాకు అర్థం కాలేదు. అక్కకు అర్థమైంది. మళ్లీ చదవమంది.

అక్క మళ్లీ చదివింది. ఈసారి చదువుతూ మధ్యలో ఆగి, "ఆర్ద్రత రెండుసార్లు వాడినాడు చూడు. ఒకటి తీసేసుంటే సరిపోయేది" అంది, అమ్మతోనో నాతోనో.

ఆ తర్వాత అమ్మ బతికి ఉన్న రెండేళ్లూ మధ్యాహ్నం పూట అదొక వాడుకైపోయింది. నేను వెళ్లినప్పుడల్లా చూశాను. అమ్మ అడిగేది, అక్క మడత విప్పేది, తన పేజీలో వేరొకరు రాసిన ఆ మూడో పేరాను మొదటి మాట నుంచి చివరి మాట దాకా, ఆ రెండో ఆర్ద్రతతో సహా, ఒక్క అక్షరం వదలకుండా చదివేది.